గడప దాటని కుందేలుకి టీకా ఎందుకంటారా?

ఇంగ్లండ్‌లో కుందేలును పెంచుకునే తెలుగు ఇళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నాయి. పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తారు, ఇంటి ఓనర్ ఒప్పుకోడు, చివరికి కుందేలు దగ్గర రాజీ కుదురుతుంది. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి ఇక్కడి క్లినిక్‌లో పనిచేస్తున్నదాన్ని కాబట్టి, తెలుగు డాక్టరమ్మ ఉందని తెలిస్తే కాస్త చనువుగా అడుగుతారు. ఎవరొచ్చినా ప్రశ్న మాత్రం ఒకటే.

అపోహ: ఇంట్లోనే ఉండే కుందేలుకి టీకా అక్కర్లేదు

అసలు ఈ పోస్టు రాస్తున్నదే దీనికోసం. నా కళ్ల ముందు ఎక్కువ ప్రాణాలు తీసింది ఈ నమ్మకమే.

ఇక్కడ టీకా వేసేది మిక్సోమటోసిస్‌కి, ఆర్‌హెచ్‌డీకి (రాబిట్ హెమరేజిక్ డిసీజ్, అంటే లోపల రక్తస్రావం అయ్యే జబ్బు). రెండూ కుందేళ్లకి వచ్చే వైరస్ జబ్బులే. ఆర్‌హెచ్‌డీలో మళ్లీ రెండు రకాల వైరస్‌లు. మిక్సో బ్రిటన్‌లో మొదట బయటపడింది 1953లో, కెంట్ ప్రాంతంలో. దాన్ని ముఖ్యంగా మోసేవి ఫ్లీస్ (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు), దోమలు. ఇక్కడి కిటికీలకి మన ఊళ్లోలాగా దోమల మెష్ ఉండదు. వేసవిలో కిటికీ తెరిచి పడుకుంటే దోమ నేరుగా కుందేలు దగ్గరికే వెళ్తుంది. కనురెప్పలు వాచి, కళ్లు పుసులు కట్టి, తల, మర్మాంగాలు ఉబ్బిపోయి వచ్చిన కుందేలును చూశాక మిక్సో అంటే ఏమిటో ఎవరూ నన్ను అడగరు. టీకా లేనివాటిలో చాలావరకు బతకవు.

ఆర్‌హెచ్‌డీ వేరే రకం. 1984లో చైనాలో మొదట గుర్తించారు. 2010లో ఫ్రాన్స్‌లో దాని రెండో రకం బయటపడింది, ఆర్‌హెచ్‌డీ-2. మొదటిది పసికూనల్ని దాదాపుగా వదిలేసేది, రెండోది వాటినీ వదలదు. దీనికి దోమ కూడా అక్కర్లేదు. చెప్పుల అడుగున, ప్రామ్ (పసిపిల్లల్ని తోసే బండి) చక్రాలకి, పిల్లలు పార్కులో కోసుకొచ్చిన గడ్డికి అంటుకుని వచ్చేస్తుంది. ఈగల ద్వారా, పక్షుల ద్వారా కూడా వస్తుంది. బయట నెలల తరబడి బతుకుతుంది, చలికి చావదు. హ్యాండ్ శానిటైజర్ రాసుకున్నాం కదా అని ధీమాగా ఉండడానికి లేదు.

రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే ఒక కుటుంబం గురించి చెప్తాను. రాత్రి కొత్తిమీర తిని పడుకున్న కుందేలు పొద్దున చూస్తే కాళ్లు చాపి పడి ఉంది. ఒంటి మీద గాయం లేదు, ముక్కు దగ్గర మాత్రం చిన్న రక్తపు మరక. ఇంటాయన నాతో, "మేం చెప్పులతో ఇంట్లోకి రామండీ, గుమ్మం దగ్గరే విప్పేస్తాం" అన్నారు. నిజమే, మనందరి అలవాటూ అదే. కానీ ఆ ఫ్లాట్‌లో కాస్త వెడల్పుగా ఉన్నది గుమ్మం దగ్గరి హాలే. కుందేలు పెన్ (చుట్టూ కంచె ఉన్న గూడు) అక్కడే పెట్టారు, చెప్పుల స్టాండుకి జానెడు దూరంలో. ఆదివారాలు పొలాల మధ్య ఫుట్‌పాత్‌ల మీద నడవడం వాళ్లకి ఇష్టం. ఆ పొలాల నిండా అడవి కుందేళ్లే. లివర్ శాంపిల్ పంపిస్తే ఆర్‌హెచ్‌డీ-2 అని వచ్చింది. చెప్పుల వల్లే వచ్చిందని రుజువు చేయలేం కానీ, పెన్ మాత్రం అక్కడ ఉండకూడదు.

ఆ ఇంటావిడ బాధ ఇంకోటి. కొత్తిమీర సరిగ్గా కడగలేదేమో, మందులు కొట్టిన ఆకేమో అని. రిపోర్టు చూపించాక కూడా మళ్లీ కొత్తిమీర గురించే అడిగారు. "అమ్మా, కొత్తిమీరకీ దీనికీ సంబంధం లేదు. మీరు రాత్రంతా పక్కన కూర్చున్నా తెలిసేది కాదు" అని చెప్పాను. ఈ జబ్బులో చాలాసార్లు లక్షణాలు కనపడేంత టైమే ఉండదు. ఇది చదువుతున్నవాళ్లలో అలా పోగొట్టుకున్నవాళ్లు ఉంటే, పెట్టిన తిండి గురించి టెన్షన్ పడటం మానేయండి.

ఒకవేళ ఇంట్లో కుందేలు అకస్మాత్తుగా చనిపోతే పూడ్చేముందు క్లినిక్‌కి ఫోన్ చేయండి. పరీక్ష చేయించాలంటే శరీరాన్ని చల్లగా ఉంచాలి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. రెండో కుందేలు ఉంటే దాని టీకా సంగతి ఆరోజే మాట్లాడాలి. పిల్లలు ఏడుస్తున్నారని ఆ వారాంతమే ఇంకోదాన్ని తెచ్చి అదే గూటిలో పెట్టకండి.

అపోహ: ఇండియా వెళ్లేముందు వేయిస్తే సరిపోతుంది

జులైలో స్కూళ్లకి సెలవులు ఇస్తారు, అందరికీ హైదరాబాద్, విజయవాడ టికెట్లు బుక్ అయి ఉంటాయి. కుందేలును బోర్డింగ్‌లో (మనం ఊళ్లో లేనప్పుడు పెంపుడు జంతువుల్ని చూసుకునే చోట) పెట్టాలంటే వాళ్లు టీకా కార్డు అడుగుతారు. అప్పుడు గుర్తొస్తాను నేను. గురువారం వచ్చి, "శనివారం ఫ్లైటండీ, ఎలాగైనా చూడండి" అంటారు. ఇంజెక్షన్ అయితే వేస్తాను. కానీ మూడింటికీ కలిపి వేసే టీకా పూర్తిగా పనిచేయడానికి మూడు వారాలు పడుతుంది, మీ ఫ్లైట్ కోసం అది తొందరపడదు. ఆర్‌హెచ్‌డీకి మాత్రమే విడిగా ఉండే టీకా ఇంకాస్త త్వరగా పనిచేస్తుంది, కానీ అది మిక్సోని ఆపదు. మిక్సో ఎక్కువయ్యేదేమో సరిగ్గా వేసవి చివర్లో, మీరు అక్కడ పెళ్లిళ్లు తిరుగుతున్నప్పుడు. టికెట్లు కొన్న రోజే క్లినిక్‌కి కూడా ఫోన్ చేయండి. ఫ్రెండ్ ఇంట్లో వదిలినా ఇదే లెక్క.

అపోహ: చిన్నప్పుడు వేయించాం, ఇక చాలు

ఏడాదికోసారి వేయించాల్సిందే. మీ కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. 2020 నుంచి ఇక్కడ వాడుతున్న నోబివాక్ మిక్సో-ఆర్‌హెచ్‌డీ ప్లస్ ఒకే ఇంజెక్షన్‌తో మూడు వైరస్‌లకీ పనిచేస్తుంది, ఐదు వారాల వయసు నుంచి వేయొచ్చు. అంతకుముందు వచ్చిన, పేరులో 'ప్లస్' లేని టీకాలో ఆర్‌హెచ్‌డీ-2 లేదు. పైగా ముందు వేరే మిక్సో టీకా పడిన కుందేళ్లలో కొత్తదాని ఆర్‌హెచ్‌డీ భాగం సరిగ్గా పట్టకపోవచ్చు. అలాంటివాటికి ఆర్‌హెచ్‌డీ ఇంజెక్షన్ విడిగా వేస్తాం. పెద్ద వయసు కుందేలును ఎవరి దగ్గరైనా తీసుకుంటే పాత కార్డు అడిగి తీసుకోండి. దాదాపు ఎవరూ అడగరు, తర్వాత నేను పాత క్లినిక్‌కి ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

అపోహ: టీకా వేస్తేనే జబ్బు వస్తుంది

ఈ వాట్సాప్ స్క్రీన్‌షాట్లు నాకు పంపకండి, దయచేసి. టీకా వేసిన రోజు కుందేలు కాస్త మందకొడిగా ఉండొచ్చు, సూది గుచ్చినచోట చిన్న గడ్డ కట్టి తర్వాత పోవచ్చు. టీకా పడిన కుందేలుకి మిక్సో సోకితే ఒంటి మీద ఒకటి రెండు పొక్కులతో తేలికగా రావొచ్చు. అది చూసి "టీకా వేయించినా వచ్చింది" అంటారు. అంతటితో ఆగి, చాలావరకు కోలుకునేది ఆ టీకా వల్లే. మీరు చూడాల్సింది ఒక్కటే: తింటోందా, పెంటికలు వేస్తోందా. రెండూ ఆగితే మర్నాటి దాకా చూద్దామనుకోకుండా వెంటనే ఫోన్ చేయండి, టీకా వేసినా వేయకపోయినా.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఈ రెండు జబ్బులూ మనుషులకి రావు, గర్భిణులు భయపడనక్కర్లేదు. కుక్కకి వేసే టీకా కుందేలుకి ఎందుకూ పనికిరాదు. పొట్ట స్తంభించిపోవడం, పళ్లు పెరిగిపోవడం, ఈగల పురుగులు పట్టడం, ఇ. క్యునిక్యులి అనే పరాన్నజీవి, వీటికి టీకా లేదు. రోజంతా ఎండుగడ్డి, శుభ్రమైన లిట్టర్, వేసవిలో రోజూ వెనకవైపు ఎత్తి చూడటం, అవే మందు. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు టీకా లేని కుందేలుకి ఈ జబ్బులొస్తే డబ్బు ఇవ్వవు, మీ పాలసీ చదువుకోండి.

హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు ఇదే అడిగింది, "అత్తా, మా బన్నీకి కూడా వేయించాలా?" అని. అక్కడ పెంపుడు కుందేలుకి రొటీన్‌గా వేసే టీకా అంటూ లేదు. ఇక్కడ పొలంలో తిరిగే అడవి కుందేలు, ఇంట్లో కుందేలు ఒకే జాతి, అందుకే జబ్బు అటు నుంచి ఇటు ఇంత తేలిగ్గా వస్తుంది. మన పొలాల్లో కనిపించే కుందేలు వేరే జాతి. నేను చెప్పినవి యథాతథంగా అక్కడ వర్తించవు. వాళ్ల బన్నీకి మే నెల ఎండ దెబ్బే పెద్ద శత్రువని, కూలర్ ఉన్న గదిలో పెట్టమని చెప్పాను.

ఇంకొక్కటి. టీకాకి వస్తున్నామని పొద్దున్నుంచి కుందేలుకి ఏమీ పెట్టకుండా తెస్తున్నారు, బ్లడ్ టెస్టుకి వెళ్తున్నట్టు. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పరగడుపు అక్కర్లేదు. పైగా కడుపు ఖాళీగా ఉంటేనే ప్రమాదం. క్యారియర్‌లో గుప్పెడు ఎండుగడ్డి వేసి తీసుకురండి. జంట ఉంటే రెండింటినీ కలిపే తెండి, విడదీసి తెస్తే ఇంటికెళ్లాక వాసన మారి కొట్టుకుంటాయి.