కంప్రెషన్ లైబ్రరీని మనమే బిల్డ్ చేసుకోవాలా? ఈ ప్రశ్న వెనకాల ఉన్న కథ

భీమవరం, ఆకివీడు, అమలాపురం వైపు రొయ్యల చెరువులకి సెన్సార్లు పెట్టే కుర్రాళ్ళ మధ్య కొంతకాలంగా ఒకటే చర్చ నడుస్తోందండి. గట్టు మీద పెట్టే లాగర్‌లో, అంటే రీడింగులు రాసిపెట్టే పెట్టెలో, డేటాని కుదించే (కంప్రెస్ చేసే) లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్, ఉంటుంది కదా, దాన్ని రెడీమేడ్ ప్యాకేజీగా దించేసుకుని వాడేద్దామా, లేకపోతే సోర్స్ (మనుషులు రాసిన అసలు కోడ్) తెచ్చుకుని మనమే బిల్డ్ చేసుకుందామా, అంటే మెషిన్ నడిపే రూపంలోకి మార్చుకుందామా అని. రెడీమేడ్ అయితే అయిదు నిమిషాల పని, సోర్స్ నుంచి అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒక పూట పోతుంది. 2024 మార్చి ముందు వరకూ ఈ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, ఆ నెలాఖరున ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగ కోడ్ దూర్చిన గొడవ బయటపడ్డాకే మొదలైంది, కానీ దాని వేర్లు ఇంకా చాలా వెనక్కి ఉన్నాయి, అవి తెలీకుండా ఏదో ఒక పక్షం తీసుకుంటే ఉపయోగం లేదని నా అభిప్రాయం.

ముందు అసలు చెరువుకి కంప్రెషన్ ఎందుకో చెప్తాను. వనామీ రకం రొయ్య వేసినవాళ్ళకి డీఓ అంటే ప్రాణం, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున పడిపోతుంది, ఆ టైంకి ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు) తిరక్కపోతే పొద్దున్నకల్లా సరుకు తేలిపోతుంది. అందుకే కొన్ని నిమిషాలకోసారి డీఓ, టెంపరేచర్, పీహెచ్, ఉప్పు శాతం రాసిపెట్టే లాగర్ కావాలి. చెరువుల మధ్యలో సిగ్నల్ అంతంతమాత్రం, పంపేదంతా ఒక సిమ్ మీద, అది కూడా ఒక్కోసారి గంటల తరబడి ఉండదు. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేసినప్పుడైతే లాగర్లలో రీడింగులు పేరుకుపోయాయి, నెట్ వచ్చాక అవన్నీ ఒక్కసారి పైకెక్కించాల్సి వచ్చింది, అప్పుడు కంప్రెస్ చేసి పెట్టుకున్నవాళ్ళకి చెయ్యనివాళ్ళకి తేడా బాగా తెలిసింది.

కంప్రెషన్ చేసే పని చెప్పాలంటే సింపులే. లాగర్ రాసే వరసలు చూడండి, తేదీ అదే, చెరువు నంబరు అదే, డీఓ 3.9 తర్వాత మళ్ళీ 3.9, టెంపరేచర్ 28.6 తర్వాత 28.6. ప్రతిసారీ మొత్తం రాసే బదులు "ఇన్ని అక్షరాల వెనక్కి వెళ్ళు, అక్కడున్నదే ఇంత పొడుగు మళ్ళీ రాసుకో" అని ఒక చిన్న గుర్తు పెడితే చాలు. ఈ ఆలోచనని 1977లో ఇజ్రాయెల్‌కి చెందిన అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ పేపర్‌గా రాశారు, దాన్నే ఎల్‌జెడ్ 77 అంటారు, మరుసటి ఏడాది ఎల్‌జెడ్ 78 అని ఇంకో పద్ధతి ఇచ్చారు. దీనికంటే ముందే 1952లో డేవిడ్ హఫ్‌మన్ ఇంకో దారి చూపించాడు, ఎక్కువసార్లు వచ్చే అక్షరానికి చిన్న కోడ్, అరుదుగా వచ్చేదానికి పొడుగు కోడ్. ఈ రోజుకీ మనం వాడే డిఫ్లేట్ అనేది ఎల్‌జెడ్ 77, హఫ్‌మన్ రెండూ కలిపిన పద్ధతే. అది 32 కేబీ వరకు వెనక్కి చూస్తుంది, ఒక్కో మ్యాచ్ గరిష్ఠంగా 258 బైట్లు.

ఇక్కడ తెలుగు టైపు చేసేవాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటి ఉంది. చెరువు కాపలా ఉండే ఆయన "మేత తగ్గించాం", "నీళ్ళు మార్చాం" అని ఫోన్‌లో నోట్ రాస్తే, ఆ తెలుగులో ప్రతి గుర్తు యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు తీసుకుంటుంది, 'మే' అనేదాంట్లో 'మ' ఒకటి, ఏత్వం ఇంకొకటి, అంటే 6 బైట్లు. కానీ ఆ మూడింట్లో మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ, మూడోది మాత్రమే మారుతుంది. అంటే మూడింట రెండొంతులు దాదాపు ముందే తెలిసిన సమాచారం, అందుకే తెలుగు నోట్లు కంప్రెస్ చేస్తే బాగా తగ్గుతాయి. ఒక్కో వరసని విడిగా కంప్రెస్ చేస్తే మాత్రం లాభం ఉండదండి, జీజిప్ అనే ఫైల్ రూపంలో అయితే ముందుండే హెడర్ 10 బైట్లు, చివర 8 బైట్లు, చిన్న రీడింగ్‌కి ఆ 18 బైట్లే బరువైపోతాయి. ఒక గంట రీడింగులు కలిపి ఒకేసారి చెయ్యాలి, లేదా ముందే ఒక డిక్షనరీ (తరచూ వచ్చే మాటల జాబితా) ఇచ్చి మొదలుపెట్టాలి, డిఫ్లేట్ చేసే జెడ్‌లిబ్ లైబ్రరీలో దానికి ఫంక్షన్ ఉంది.

సరే, ఇంత మంచి ఆలోచన ఉన్నప్పుడు గొడవ ఎక్కడ వచ్చిందంటే పేటెంట్ దగ్గర. 1984లో టెర్రీ వెల్చ్ అనే ఆయన ఎల్‌జెడ్ 78ని కొంచెం మార్చి ఎల్‌జెడ్‌డబ్ల్యూ అని ప్రచురించాడు, చదవడానికి తేలిక, రాయడానికి తేలిక, అందరూ వాడేశారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కంప్రెస్ అనే ప్రోగ్రాం అదే, 1987లో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సర్వీస్ కంపెనీ తెచ్చిన గిఫ్ బొమ్మలూ అదే. కానీ దాని మీద స్పెర్రీ కంపెనీ పేటెంట్ వేసింది, 1985లో మంజూరైంది, ఆ స్పెర్రీ తర్వాత యూనిసిస్‌లో కలిసింది. ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టలేదు, 1994 డిసెంబర్ ఆఖర్లో మాత్రం గిఫ్ రాసే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్స్ కట్టాలని ప్రకటన వచ్చింది, అప్పటికి గిఫ్ వెబ్ అంతా పాకిపోయింది.

అందుకు మందు అప్పటికే కొంత తయారై ఉంది. కంప్రెస్‌కి బదులుగా పేటెంట్ చిక్కు లేనిది కావాలని జాన్-లూప్ గైయీ, మార్క్ ఆడ్లర్ కలిసి 1992లో జీజిప్ మొదలుపెట్టారు, దాంట్లో వాడింది ఫిల్ కాట్జ్ తన పీకేజిప్ అనే జిప్ ప్రోగ్రాం కోసం తయారుచేసిన డిఫ్లేట్. కాట్జ్ ఆ ఫార్మాట్ వివరాలు దాచుకోకుండా బయటపెట్టడం మనందరికీ జరిగిన మేలు. ఆయన 2000లో 37 ఏళ్ళకే పోయాడు, ఆ సంగతి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. గిఫ్‌కి బదులు పీఎన్‌జీ బొమ్మల ఫార్మాట్ పుట్టినప్పుడు దానికోసమే గైయీ, ఆడ్లర్ ఇద్దరూ జీజిప్ లోపలి కోడ్‌ని లైబ్రరీగా విడదీసి 1995 మేలో జెడ్‌లిబ్ పేరుతో విడుదల చేశారు. 1996లో ఈ ఫార్మాట్ల వివరాలతో ఆర్‌ఎఫ్‌సీలు అనే ఇంటర్నెట్ పత్రాలు మూడు వచ్చాయి, వాటి నంబర్లు 1950, 1951, 1952, ఎవరైనా చదివి సొంతంగా రాసుకోవచ్చు. లైసెన్స్ కూడా నాలుగు ముక్కల్లో అయిపోతుంది, వాడుకో, మార్చుకో, అమ్ముకో, నేనే రాశానని మాత్రం చెప్పకు. ఎల్‌జెడ్‌డబ్ల్యూ అమెరికా పేటెంట్ 2003 జూన్‌లో గడువు తీరేనాటికి ప్రపంచం డిఫ్లేట్ మీదకి ఎప్పుడో మారిపోయింది.

ఇప్పుడు పీఎన్‌జీ తెరిచినా, జిప్ విప్పినా, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కమిట్ చేసినా (మార్పు నమోదు చేసినా) లోపల డిఫ్లేటే, చాలాచోట్ల జెడ్‌లిబ్బే. మీ ఫోన్‌లోనూ ఉంది. చిన్న బోర్డుల మీద కూడా నడుస్తుంది, డిఫాల్ట్‌లో కంప్రెస్ చెయ్యడానికి 256 కేబీ మెమరీ అడుగుతుంది, 520 కేబీ మెమరీ ఉన్న ఈఎస్‌పీ32 చిప్ మీద అది మోయలేని బరువు, కానీ విండోబిట్స్ అనే సెట్టింగ్ (ఎంత వెనక్కి చూడాలో) 15 నుంచి 14కి, మెమ్‌లెవెల్ అనేది (ఎంత మెమరీ వాడాలో) 8 నుంచి 7కి దించితే 128 కేబీకి వచ్చేస్తుంది, ఇంకా దించుకుంటూ పోవచ్చు. సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడానికి మా వైపు మొదట దొరికిన కారణం భద్రత కాదు, ఇదే, అవసరం లేనివి తీసేసి బోర్డుకి సరిపడేలా కోసుకోవడం.

పేటెంట్ కష్టం అలా తీరింది. కానీ ఇన్ని కోట్ల మెషిన్లలోకి వెళ్ళిన ఈ కోడ్‌ని ఎవరు చూసుకుంటారు అనేది ఎవరూ తేల్చలేదండి, నాకు అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, శివారు పొలానికి నీళ్ళు అందాలంటే ఎగువన కాలువ పూడిక తియ్యాలి, లాకులు బాగుచెయ్యాలి, అందుకే వేసవిలో కాలువలు కట్టేస్తారు, దానికో శాఖ ఉంది, పద్దు ఉంది, చాలకపోతే అడగడానికి నీటి సంఘాలున్నాయి. ఈ లైబ్రరీలకి శివారు ఆయకట్టు ప్రపంచమంత ఉంది, ఎగువన మాత్రం ఒకరో ఇద్దరో మనుషులు, వాళ్ళ ఖాళీ టైం.

బీజిప్2 అనే ఇంకో కంప్రెషన్ ప్రోగ్రాంనే తీసుకోండి, 2010లో 1.0.6 వెర్షన్ వచ్చాక మళ్ళీ రిలీజ్ 2019లో. జెడ్‌లిబ్‌లో 1.2.11 వచ్చింది 2017 జనవరిలో, దాంట్లో కంప్రెస్ చేసేటప్పుడు దూరం మ్యాచ్‌లు ఎక్కువైతే మెమరీ పాడయ్యే బగ్ ఒకటుంది, 2018లోనే కోడ్‌లో సరిచేశారు, కానీ ఆ సవరణతో రిలీజ్ రావడానికి 2022 మార్చి పట్టింది, 1.2.12. అంటే గిట్‌లో మందు ఉంది, టార్‌బాల్ (రిలీజ్‌గా కట్టి ఇచ్చే సోర్స్ మూట) దించుకున్నవాడికి నాలుగేళ్ళ పాటు అందలేదు. జెడ్‌లిబ్ చూసుకునే ఆడ్లర్‌ని తప్పుపట్టడం కాదు, జీతం ఇవ్వకుండా గడువులు పెట్టే హక్కు మనకి లేదు.

ఇక ఎక్స్‌జెడ్. ఇగోర్ పావ్లోవ్ 7-జిప్ అనే ప్రోగ్రాం కోసం రాసిన ఎల్‌జెడ్‌ఎంఏ పద్ధతి జీజిప్ కంటే బాగా కుదిస్తుంది, దాన్ని ఎక్స్‌జెడ్ పేరుతో యూనిక్స్ ప్రపంచానికి సరిపడేలా చేసి నిలబెట్టింది ఫిన్లాండ్‌కి చెందిన లాస్సె కోలిన్, ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కడే. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపడం మొదలుపెట్టారు. 2022లో వేరే పేర్లతో కొందరు వచ్చి పని నెమ్మదిగా ఉంది, వేరేవాళ్ళకి అప్పగించెయ్ అని కోలిన్ మీద ఒత్తిడి పెట్టారు. ఆయన దాచకుండా చెప్పాడు, చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదు, ఇది జీతం లేని హాబీ పని అని. ఆ మెయిళ్ళు ఇప్పటికీ చదవొచ్చు, ఒక అలిసిపోయిన మనిషిని అలా నొక్కడం చదువుతుంటే కోపం వస్తుంది. చివరికి జియా టాన్‌కి కమిట్ హక్కులొచ్చాయి, రిలీజులు చేసే పనీ వచ్చింది.

2024 ఫిబ్రవరి 24న ఎక్స్‌జెడ్ 5.6.0, మార్చి 9న 5.6.1 వచ్చాయి. దొంగ కోడ్ ఎక్కడ పెట్టారో చూడండి. టెస్టుల కోసం ఉంచే ఫైళ్ళలో, ఒకటి పాడైపోయిన ఫైల్ అని పేరు పెట్టింది, ఇంకోటి పెద్ద మంచి ఫైల్ అని పేరు పెట్టింది. కంప్రెషన్ లైబ్రరీకి పాడైన ఫైళ్ళు టెస్టుకి కావాల్సిందే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాటిని విప్పి బిల్డ్‌లోకి ఎక్కించే వరసలు ఉన్నది బిల్డ్-టు-హోస్ట్ అనే ఎం4 ఫైల్‌లో (బిల్డ్ స్క్రిప్టులు తయారుచెయ్యడానికి వాడే ఫైల్), ఆ మార్చిన ఫైల్ గిట్‌లో లేదు, టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. బిల్డ్‌కి ముందు సిస్టమ్‌లో ఏమున్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్టు లాంటివి ఎలాగూ తయారుచేసి టార్‌బాల్‌లో పెడతారు కాబట్టి గిట్‌కి టార్‌బాల్‌కి తేడా ఉండటం మామూలే అని అందరూ వదిలేసేవాళ్ళు, ఆ అలవాటు మీదే దెబ్బకొట్టారు. అది కూడా ఇంటెల్ తరహా 64 బిట్ లినక్స్ మీద, డెబియన్ గానీ ఆర్‌పీఎం గానీ (లినక్స్‌లో వాడే రెండు ప్యాకేజీ రకాలు) ప్యాకేజీగా బిల్డ్ అవుతుంటేనే లేస్తుంది. మన గట్టు మీద బోర్డుల్లో ఉన్నవి ఇంటెల్ తరహా చిప్పులు కావు కాబట్టి తగల్లేదు, అది అదృష్టం తప్ప మన జాగ్రత్త కాదు.

ఇంకొక చిన్నది ఉంది, నన్ను అన్నింటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. ఎక్స్‌జెడ్‌ని సీమేక్ అనే సాధనంతో బిల్డ్ చేసే ఫైల్‌లో, ల్యాండ్‌లాక్ అనే రక్షణ (ప్రోగ్రాం ఏ ఫైళ్ళు ముట్టుకోవచ్చో కట్టడి చేసేది) సిస్టమ్‌లో ఉందో లేదో చూడ్డానికి ఒక బుల్లి ప్రోగ్రాం కంపైల్ చేస్తారు, అది కంపైలైతే రక్షణ ఆన్, కాకపోతే ఆఫ్. ఆ ప్రోగ్రాం మధ్యలో ఒక లైన్‌లో ఒక్క చుక్క పెట్టారు. చుక్క ఉంటే ఎప్పటికీ కంపైల్ కాదు, రక్షణ నోరెత్తకుండా ఆఫ్ అయిపోతుంది, బిల్డ్ మాత్రం ఎర్రర్ లేకుండా పూర్తవుతుంది. బిల్డ్ లాగ్‌లో "నాట్ ఫౌండ్" అని పోయే లైన్లని మనలో ఎంతమంది చదువుతాం?

పట్టుకుంది ఆండ్రెస్ ఫ్రాయెండ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు. డెబియన్ లినక్స్‌లో సిడ్ అనే ఇంకా తయారవుతున్న వెర్షన్ మీద ఏదో కొలతలు తీస్తుంటే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కి సీపీయూ ఎక్కువ తింటోంది, 0.3 సెకన్లలో అవ్వాల్సింది 0.8 దాకా పోతోంది, వదిలెయ్యకుండా తవ్వుకుంటూ వెళ్ళి ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ దాకా వచ్చాడు. లినక్స్ సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ లైబ్రరీ ద్వారా అది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి వచ్చి కూర్చుంది, ఒక ప్రత్యేకమైన కీ ఉన్నవాడు ఎక్కడినుంచైనా కమాండ్లు నడపగలడు. మార్చి 29న బయటపెట్టాడు, తీవ్రత స్కోరు 10కి 10. అప్పటికి ఎక్కువగా టెస్టింగ్ వెర్షన్ల దాకానే వచ్చింది, స్టేబుల్ డెబియన్‌లోకి ఇంకా వెళ్ళలేదు. కోలిన్ మళ్ళీ కూర్చుని మే 29న శుభ్రం చేసిన 5.6.2 ఇచ్చాడు, ఆ చుక్క కూడా తీసేశాడు.

దీని తర్వాత కొందరు ఎక్స్‌జెడ్ వదిలేసి జెడ్‌స్టాండర్డ్‌కి పోదాం అంటున్నారు. యాన్ కొల్లె రాసింది, 2016లో ఫేస్‌బుక్ నుంచి 1.0 వచ్చింది, వేగంలో దానికి సాటి తక్కువ, చిన్న రీడింగులకి డిక్షనరీ తయారుచేసే సదుపాయం కూడా ఉంది. మొదట్లో దానికి పేటెంట్ షరతు ఒకటి ఉండేది, 2017లో తీసేశారు. జీతం తీసుకునే మనుషులున్నారు అనేది నిజమైన బలమే. కానీ కంపెనీ మనసు మారిన రోజు ఏంటి అనే ప్రశ్న అక్కడా ఉంది.

మా వైపు ఇప్పుడు చేస్తున్నదేంటంటే, టార్‌బాల్, గిట్ ట్యాగ్ (అదే వెర్షన్‌కి గిట్‌లో గుర్తు పెట్టిన కోడ్) రెండూ దించి పక్కపక్కన డిఫ్ (తేడాలు) తీస్తున్నాం, కాన్ఫిగర్ లాంటివి మేమే తయారుచేసుకుని ఎం4 ఫైళ్ళతో సహా తేడా ఉన్న ప్రతిదీ కూర్చుని చదువుతున్నాం. టెస్టులు నడిపే మేక్ చెక్ కమాండ్‌ని ల్యాప్‌టాప్ మీద కాకుండా బోర్డు మీదే నడుపుతున్నాం. ఏ వెర్షన్, ఏ కమిట్, చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే అంకె) ఎంత అనేది లాగర్ పెట్టె మూత లోపల అంటించే చీటీ మీద రాస్తున్నాం, ఎందుకంటే రెండేళ్ళ తర్వాత ఆ పెట్టె విప్పేది వేరే కుర్రాడు. ఆకివీడు వైపు కొన్ని పాత లాగర్లు ఇంకా జెడ్‌లిబ్ 1.2.11 మీదే తిరుగుతున్నాయి, చెరువులో సరుకు ఉండగా వాటిని ఆపితే రైతు ఒప్పుకోడు, ఈ పంట పట్టుబడి అయ్యాక గట్టు మీద నుంచి తీసి మార్చాలి.