లాడ్జి నుంచి కళాశాల దాకా: కడప జిల్లాలో దివ్యజ్ఞాన సమాజం

మద్రాసు రాజధానిలో రహస్య దీక్షలతో నడిచే సోదర సంఘమైన ఫ్రీమేసన్ల లాడ్జీలు (స్థానిక శాఖలు) దొరల వెంట, పల్టన్ల వెంట వచ్చాయి. కడప జిల్లాలో చదువుకున్న ఉద్యోగులకు దగ్గరైనది మాత్రం ఆ సంప్రదాయపు పోలికలున్న, విశ్వసోదరభావాన్ని చాటే దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ). 1875లో న్యూయార్కులో పుట్టి, 1882లో మద్రాసులోని అడయారుకు మకాం మార్చిన ఈ సమాజ స్థాపకుల్లో ఒకరైన కర్నల్ ఆల్కాట్ స్వయంగా మేసన్. స్థానిక శాఖలను లాడ్జీలనడం, అంతరంగ విభాగంలో చేరేవారిచేత ప్రమాణం చేయించడం ఆ పోలికలే. తరువాత సమాజాధ్యక్షురాలైన అనీబిసెంట్ అయితే 1902లో, స్త్రీలను కూడా చేర్చుకొనే కో-మేసన్ సంఘంలోనే చేరారు.

రెవెన్యూ ఉద్యోగి జిడ్డు నారాయణయ్య 1882 నాటికే సమాజ సభ్యులు. అప్పట్లో కడప జిల్లాలో ఉన్న మదనపల్లెలో 1895లో ఆయనకు ఎనిమిదో సంతానంగా, తరువాత తత్త్వవేత్తగా పేరొందిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. తరువాత ఆ కుటుంబం మలేరియాకు పేరుపడ్డ కడపకు వచ్చింది. 1905లో తల్లి సంజీవమ్మ కన్నుమూశారు. ఉద్యోగ విరమణ చేసిన నారాయణయ్య, అడయారులో ఏదైనా పని ఇప్పించమని బిసెంటును పలుమార్లు వేడుకొని, చివరకు 1909 జనవరిలో పిల్లలతో అక్కడికి చేరారు. కొద్ది నెలలకే కృష్ణమూర్తిని కాబోయే జగద్గురువుగా సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ గుర్తించడం, పిల్లల సంరక్షణను తండ్రి బిసెంటుకు రాసివ్వడం, 1912లో ఆ తండ్రే మనసు మార్చుకొని ఆమెపై దావా వేయడం వరుసగా జరిగాయి. మద్రాసు హైకోర్టులో నారాయణయ్య గెలిచారు. 1914లో లండనులోని అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును తిరగదోసింది. మూడు దశాబ్దాల సభ్యుడు సమాజాధ్యక్షురాలినే కోర్టుకు ఈడ్చాడంటే, సోదరభావం ఏ స్థితికి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ మరుసటి ఏడే, 1915లో, బిసెంట్ మదనపల్లెలో బిసెంట్ థియోసాఫికల్ కళాశాల (బీటీ కాలేజీ) స్థాపించారు. ఊరు అప్పటికే, 1911లో, కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో కలిసింది. 1919 ఫిబ్రవరిలో అక్కడ బస చేసిన రవీంద్రనాథ్ టాగూరు ‘జనగణమన’ను బెంగాలీలో పాడి వినిపించగా, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసుకున్నారు, గీతానికి ఆంగ్లానువాదాన్ని కవి అక్కడే చేశారు. సమాజపు రహస్య విభాగాలు, దీక్షలు నేడు ఈ ప్రాంతంలో ఎవరికి గుర్తున్నాయి? బీటీ కాలేజీ అంటే తెలియనివారు అరుదు.

జగద్గురువు రాక కోసం తన చుట్టూ అల్లిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ సంస్థను కృష్ణమూర్తి 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో రద్దుచేశారు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలతో మాత్రం చివరిదాకా అనుబంధం నిలుపుకున్నారు.