గింజలోని సద్దిమూట

చిన్నా, బుజ్జీ,

రాజ్మా గింజల్ని రాత్రంతా ఎందుకు నానబెట్టాలి, పొద్దున్నే కడిగి వండేస్తే సరిపోదా అని అడిగారు కదా. ఆ గింజ ఎవరి కోసం తయారైందో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

గింజ అంటే తల్లిమొక్క తన బిడ్డకు కట్టిచ్చిన సద్దిమూట. మట్టిలో వేరు దింపి, ఆకులు విప్పి, ఎండలో సొంతంగా వండుకునేదాకా ఆ బిడ్డకు అదే తిండి. అందుకే తల్లి దండిగా సర్దుతుంది. 100 గ్రాముల ఎండు రాజ్మాలో 20 గ్రాములకు పైనే ప్రొటీన్ ఉంటుంది. పీచు, ఇనుము, ఫోలేట్ అనే బి విటమిన్ సరేసరి. పైతోలు ఆ మూటకు వేసిన ముడి. అది నీళ్లకు తప్ప వదులు కాదు. నానితే లోపలిదాకా తడి చేరి త్వరగా, సమంగా ఉడుకుతుంది.

మూటను దొంగలు ఎత్తుకుపోకుండా తల్లి ఒక కాపలా కూడా పెట్టింది, లెక్టిన్ అనే విషం. పచ్చి రాజ్మా నాలుగైదు గింజలు తిన్నా వాంతులు కావచ్చు. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, కనీసం 10 నిమిషాలు తెర్లనిస్తే ఆ కాపలా పోతుంది. తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నసెగ మీద సగం ఉడికినవి ఎప్పుడూ తినకండి. టమాటా, పులుపు ముందే వేస్తే గింజ బిగుసుకుపోతుంది, చివర్లో వేయమని అమ్మకు చెప్పండి.

చిన్నప్పుడు నేను తడిగుడ్డలో గింజలు చుట్టి గంటగంటకీ విప్పి చూసేవాణ్ణి. "దాని పని దాన్ని చేసుకోనీరా" అనేది మా నాయనమ్మ. మొలక తోలు చీల్చుకుని వస్తుంటే ఒళ్లు పులకరించేది. ఇప్పటికీ అంతే.

కూర చేసినా, సూప్ కాచినా, మెదిపి రొట్టెలో పెట్టినా, అన్నమో గోధుమో తోడుంటే మరీ మంచిది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ రాజ్మా గింజలో బాగా ఉంటుంది, గింజలో కొరవడిన మిథియోనిన్ ధాన్యంలో దొరుకుతుంది. మీరిద్దరూ కూడా అలా ఒకరి లోటు ఒకరు తీర్చుకుంటూ ఉండాలి.

ఈ రాత్రి నాలుగు గింజలు ఎక్కువ నానబెట్టమనండి. పొద్దున తోలు ఒలిచి, రెండు బద్దలూ మెల్లగా విడదీయండి. అంచున ముడుచుకున్న బుల్లి ఆకులు కనిపిస్తాయి. భూతద్దంలో చూస్తే వాటికి ఈనెలు కూడా ఉంటాయి. చూసినదాన్ని బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య