జనాభా లెక్కను బట్టి వచ్చిన రోడ్డు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణిని డోలీ కట్టి మోసుకెళ్ళారన్న వార్త వచ్చిన ప్రతిసారీ అధికారుల నిర్లక్ష్యం మీదే చర్చ సాగుతుంది. అటువంటి గూడేలను దశాబ్దాలపాటు రోడ్ల జాబితాకు బయటే ఉంచిన జనాభా లెక్కల ప్రస్తావన మాత్రం అరుదు.

మొదట్లో కొలత జనాభా కాదు, దూరం. 1943 నాటి నాగపూర్ ప్రణాళిక, వ్యవసాయం బాగా సాగే ప్రాంతాల్లో ఏ గ్రామమూ ప్రధాన రహదారికి అయిదు మైళ్ళకు మించి దూరంగా ఉండరాదని లక్ష్యం పెట్టుకుంది. 1974లో మొదలైన అయిదో పంచవర్ష ప్రణాళిక కనీస అవసరాల కార్యక్రమం కింద 1,500 పైబడి జనాభా ఉన్న గ్రామాలకు ముందుగా రోడ్డు వేయాలని నిర్ణయించడంతో వరస మారింది. తక్కువ డబ్బుతో ఎక్కువమందికి మేలు చేయాలన్న ఆలోచనలో తప్పు లేదు, కానీ ఆ వరసలో చివర నిలబడ్డది ఎప్పుడూ చిన్న ఊళ్ళే.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ హద్దును బాగా కిందికి దించింది. 2001 జనగణన ప్రకారం మైదానాల్లో 500, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉంటే చాలునంది. మావోయిస్టు ప్రభావిత బ్లాకుల్లో ఆ తరువాత 100 వరకూ తగ్గించారు. అంతకన్నా ముఖ్యమైన మార్పు మరొకటుంది. ఈ పథకం రెవెన్యూ గ్రామాన్ని కాక, జనం నిజంగా ఇళ్ళు కట్టుకుని ఉన్న ఆవాసాన్ని లెక్కలోకి తీసుకుంది. పెద్ద ఊరికి రోడ్డు ఉంటే వాగు అవతలి తండాకూ ఉన్నట్టే కాగితాల్లో చెల్లిపోయే పద్ధతికి అక్కడ అడ్డుకట్ట పడింది. కొండల్లో కాలిబాటన ఒకటిన్నర కిలోమీటరు లోపున్న ఆవాసాలను కలిపి లెక్కించుకోవచ్చన్న వెసులుబాటూ ఇచ్చారు. అయినా విడివిడిగా పది పదిహేను ఇళ్ళున్న గూడేలు, మధ్యలో లోయ ఉండి కలపడానికి వీలుకానివి, మిగిలిపోయాయి.

రోడ్డు పడినంత మాత్రాన బస్సు రాదు. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో ఆరంభించిన రవాణా విభాగమే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా మారింది. పల్లె వెలుగు సర్వీసు నడవాలంటే కనీసం డీజిలు ఖర్చయినా రావాలి. మూడొందల మంది ఉన్న ఊరి నుంచి ఉదయం పూట ఎక్కేది కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలతో నలుగురైదుగురు రైతులు. అటువంటి చోట ట్రిప్పులు తగ్గుతాయి, ఆ ఖాళీలోకి షేర్ ఆటోలు వస్తాయి, చీకటి పడ్డాక అవీ ఉండవు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. ఎంతో మంచి పథకమే, కానీ బస్సు రాని ఊరి ఆడవాళ్ళు బస్సు దాకా చేరడానికే ఆటోకు డబ్బివ్వాలి.

జనగణన గ్రామ సమాచారంలో బస్సు సౌకర్యం లేని ఊరికి అది ఎంత దూరంలో ఉందో మూడు తరగతుల్లోనే రాస్తారు: అయిదు కిలోమీటర్లలోపు, అయిదు నుంచి పది, పది పైన. ఆ కిలోమీటర్లు చదును నేలా, కొండ దారా అన్నది ఆ గడిలో పట్టదు.

2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన గ్రామ సడక్ యోజన నాలుగో దశ 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు తలపెట్టింది. దానికీ ఆధారం 2011 జనాభాయే. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది, తలల లెక్క ఆ ఏడాది ఫిబ్రవరిలో. గణన సాగినన్ని రోజులూ ఊళ్ళో లేనివాళ్ళు ఆ ఊరి లెక్కలోకి రారు. మెట్ట ప్రాంతాల కూలీలు ఇటుక బట్టీలకు వలస వెళ్ళే కాలం కూడా అదే.