లా ఫస్టియర్: అపోహలు - వాస్తవాలు

లాసెట్ కౌన్సెలింగ్ ముగిసి క్లాసులు మొదలవగానే పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "సార్, సెక్షన్లన్నీ బట్టీ పట్టాలా?" నేను చెప్పేది కాంట్రాక్ట్ లా (ఒప్పందాల చట్టం) కాబట్టి ఉదాహరణలు అందులోంచే ఇస్తాను.

అపోహ: జ్ఞాపకశక్తి ఉంటే లా గట్టెక్కినట్టే.

వాస్తవం: లాయరుగా ప్రాక్టీసు చేయడానికి రాసే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్‌కే నోట్స్ లేని బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) తీసుకెళ్లనిస్తారు. కావాల్సింది సెక్షన్ చదవడం రావడం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో, ఏ ఒప్పందం కాంట్రాక్టు అవుతుందో చెప్పే సెక్షన్ 10 చూడండి. స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, అర్హత ఉన్న పార్టీలు, చట్టబద్ధమైన ప్రతిఫలం, ఉద్దేశం... ఇవి అందరూ రాస్తారు. ఆ ఒప్పందం చెల్లదని ఈ చట్టమే ప్రకటించి ఉండకూడదన్న ముక్కను మాత్రం వదిలేస్తారు. పెళ్లికి అడ్డుపడే ఒప్పందాలు, పందేలు వగైరా ఉన్న 26-30 సెక్షన్లకు దారి చూపేది ఆ ముక్కే.

అపోహ: కేసు పేరు, సంవత్సరం, గైడులోని రెండు లైన్లు చాలు.

వాస్తవం: 1913లో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పిన లాల్మన్ శుక్లా కేసునే తీసుకోండి. తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతకమని యజమాని తన మునీమును (గుమాస్తాను) హరిద్వార్ పంపాడు. అతను వెళ్లాక, పట్టిచ్చిన వారికి 501 రూపాయల బహుమతి అని ప్రకటించాడు. ఆ సంగతి తెలియకుండానే మునీము పిల్లవాణ్ణి పట్టుకొచ్చాడు. తర్వాత బహుమతి కోసం దావా వేసి ఓడిపోయాడు. గైడు ఏమంటుంది? "ఆఫర్ తెలియకపోతే యాక్సెప్టెన్స్ లేదు." నిజమే. కానీ తీర్పులో ఇంకో కారణం కూడా ఉంది: వెతకడానికి ఒప్పుకుని బయల్దేరాడు గనుక, ప్రకటన రాకముందే ఆ పని అతని బాధ్యత అయిపోయింది. ఇప్పుడు పరీక్షలో "నౌకరు ప్రకటన చూశాకే పిల్లవాణ్ణి కనిపెట్టాడు" అని ఫ్యాక్ట్స్ మార్చి ఇచ్చారనుకోండి, గైడు చదివినవాడు ఆఫర్ తెలుసు కాబట్టి గెలుస్తాడని రాసి, ఆ రెండో కారణం దగ్గర బోల్తా పడతాడు. పైగా అది చాలా చిన్న తీర్పు, ఒక్క పూటలో అయిపోతుంది.

అపోహ: ప్రాబ్లమ్ క్వశ్చన్‌లో (ఒక తగాదా ఇచ్చి తేల్చమనే ప్రశ్నలో) ఎవరు గెలుస్తారో కరెక్టుగా చెబితే మార్కులు పడతాయి.

వాస్తవం: పేపర్లు దిద్దేటప్పుడు నేను చూసేది జవాబుకు ఎలా వచ్చారన్నది. ఇష్యూ (తేల్చాల్సిన అంశం) ఏమిటి, ఏ సెక్షన్, ఏ కేసు, అది ఈ ఫ్యాక్ట్స్‌కు ఎందుకు అతుకుతుంది? చాలామంది ఈ చివరిది ఎగ్గొడతారు.

అపోహ: ఇంగ్లిష్ మీడియం వాళ్లకే లా.

వాస్తవం: చట్టం భాషకు బీటెక్ చేసి వచ్చినవాళ్లూ తడబడతారు. సెక్షన్‌ను ముక్కలుగా విడగొట్టి సొంత తెలుగులో రాసుకోండి.

అపోహ: సీనియర్ల నోట్స్ ఉంటే చాలు.

వాస్తవం: 2024 జులై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్యకు శిక్ష సెక్షన్ 302 నుంచి 103కు, చీటింగ్ 420 నుంచి 318కి మారాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి పాత నంబర్లు కొట్టేయకండి, పక్కన కొత్తవి రాసుకోండి.