సైకిల్‌కీ టికెట్ కావాలండీ: డాన్యూబ్, ఆల్ప్స్ యాత్రల అపోహలు - వాస్తవాలు

మ్యూనిక్‌లో ఉంటూ మనవాళ్లకు సైకిల్ యాత్రలు ప్లాన్ చేసిపెట్టడం నా పని. జర్మనీ సరిహద్దు ఊరు పాసావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట వెళ్దామని ఫ్లైట్ బుక్ చేసుకుంటారు, హోటళ్లు బుక్ చేసుకుంటారు, జెల్ సీటు కవరు కూడా కొనేస్తారు. తిరుగు రైలు సంగతి అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు.

అపోహ: "యూరప్ కదండీ, సైకిల్‌ని ఏ రైల్లోనైనా ఎక్కించుకోవచ్చు."

కుదరదు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, జనం డబ్బు ఎక్కువ పోయేది దీనివల్లే. వియన్నా నుంచి మ్యూనిక్ వచ్చే రైల్‌జెట్ అనే ఆస్ట్రియా ఎక్స్‌ప్రెస్ రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ కొనాలి, రిజర్వేషన్ కూడా తప్పనిసరి. సైకిళ్లకు ఉండే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జర్మనీ హైస్పీడ్ రైళ్లైన ఐసీఈల్లో కొన్ని పాత రకాలు సైకిల్‌ని అసలు ఎక్కనివ్వవు. ఐసీఈ-4లో ఉన్నవి 8 చోట్లే. ఎండాకాలం శని, ఆదివారాల్లో ఇవి చాలా ముందే అయిపోతాయి.

ఒకసారి హైదరాబాద్ దంపతులు వియన్నా స్టేషన్ నుంచి ఫోన్ చేశారు. మర్నాడు మ్యూనిక్‌లో ఫ్లైట్. మనుషులకు టికెట్లున్నాయి, సైకిళ్లకు లేవు. ఆవిడ ఏడుపు ఆపుకుంటోంది. "కంగారు పడకండి మేడమ్, రాత్రికి చేరతారు" అని చెప్పి ప్రాంతీయ రైళ్లు రాసిచ్చాను. లింజ్‌లో మారి, సాల్జ్‌బర్గ్‌లో మారి, చేరారు. ఆయన ప్రతి స్టేషన్ నుంచీ నాకు మెసేజ్ పెడుతుంటే, ఇదెవరి పెళ్లి ఊరేగింపు అని మా ఆవిడ అడిగింది.

ప్రాంతీయ రైళ్లలో రిజర్వేషన్ అక్కర్లేదు, సైకిల్ టికెట్ చాలు. కానీ పెట్టె నిండితే తర్వాతి రైలు చూసుకోమంటారు. నలుగురైదుగురు గుంపుగా వెళ్తే వీటిని నమ్ముకోకండి. ముందు తిరుగు రైల్లో సైకిల్ రిజర్వేషన్ చేసుకుని, ఆ తేదీని బట్టి హోటళ్లు చూసుకోండి. ఫ్లైట్ తేదీ మారదంటే, పాసావ్‌లో తీసుకుని వియన్నాలో వదిలేసే అద్దె సైకిళ్లుంటాయి. ఖర్చు కొంచెం ఎక్కువైనా టెన్షన్ ఉండదు.

అపోహ: "ఆల్ప్స్ అంటే కుర్రాళ్లకే."

ఇటలీలోని స్టెల్వియో కనుమ దారి ఫొటోలు చూసి భయపడేవాళ్లే ఎక్కువ. 2757 మీటర్ల ఎత్తు, ఒకవైపు 48 మలుపులు. మీరు అటు వెళ్లనే అక్కర్లేదు. సాల్జ్‌బర్గ్ నుంచి అడ్రియాటిక్ తీరంలోని గ్రాడో దాకా ఆల్పె-అడ్రియా దారి ఉంది, సుమారు 400 కి.మీ. అసలు కొండను బోక్‌స్టైన్‌లో రైలెక్కి సొరంగంలోంచి దాటేసి మాల్నిట్జ్‌లో దిగుతారు. అంతకుముందు గాస్టైన్ లోయలోకి ఎక్కే దారిలో కాళ్లు పట్టేస్తాయి. దిగి నడిపించుకోండి, ఎవరూ నవ్వరు. మరమ్మతులకు ఆ రైళ్లు ఆపుతుంటారు, 2025 మొదట్లో నెలల తరబడి ఆపారు. ముందే చూసుకోండి.

అపోహ: "నది దిగువకే కదా, తొక్కక్కర్లేదు."

పాసావ్-వియన్నా 300 కి.మీ. పైమాటే, దిగుడు 150 మీటర్ల లోపే. ఎదురుగాలి వీస్తే ఆ దిగుడు ఏ మూలకీ రాదు. రోజుకు 50-60 కి.మీ. పెట్టుకోండి.

అపోహ: "మా ఈ-బైక్ విమానంలో తెచ్చుకుంటాం."

ప్రయాణికుల విమానాల్లో లిథియం బ్యాటరీకి పరిమితి 160 వాట్-అవర్లు. ఈ-బైక్ బ్యాటరీలు మామూలుగా 400 పైనే. ఇక్కడే అద్దెకు తీసుకోండి. బుక్ చేసేటప్పుడు 'మీడియం సైజు' అనకుండా మీ ఎత్తు సెంటీమీటర్లలో చెప్పండి.