కోటియా కొండకు రెండు ప్రభుత్వాలు, రోగికి డోలీ

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఒక మలుపులో ఫోను ఆంధ్రా టవర్ వదిలి ఒడిశా టవర్ పట్టుకుంటుంది. కాస్త పైకి వెళ్లాక మళ్లీ వెనక్కి వస్తుంది. మామూలు రోజుల్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఇంట్లో ఆడమనిషికి నొప్పులు మొదలైనప్పుడు, పిల్లవాణ్ణి పాము కరిచినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ ఆ సిగ్నల్ గీతల వంకే చూస్తారు. 108 నొక్కితే పిలుపు టవర్‌ను బట్టి ఆ రాష్ట్రం కాల్ సెంటర్‌కు పోతుంది. ఒకచోట తెలుగులో ‘ఏ మండలం?’ అంటారు, మరోచోట ఒడియాలో ‘ఏ బ్లాక్?’ అంటారు. ఈ రెండు రాష్ట్రాల హద్దు మీది కోటియా పల్లెలవాళ్లు దానికేం చెప్పాలి? వాళ్ల ఊళ్లు ఆంధ్రాలోని సాలూరు మండలమో, ఒడిశాలోని పొట్టంగి బ్లాకో తేల్చమని 1968లోనే వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఇప్పటికీ తేలలేదు.

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. ఆ రోజు ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, కొరాపుట్ అందులోకి వెళ్లింది. జయపురం, రాయగడ, గుణుపురం, అటు పర్లాకిమిడి, బరంపురంలోని తెలుగు కుటుంబాలు ఉన్నచోటే ఉండి ఒడిశావాళ్లయ్యాయి. మా ఇంట్లో పెద్దజబ్బు అనగానే ఈనాటికీ ముందు వినిపించే పేరు విశాఖలోని ప్రభుత్వ పెద్దాస్పత్రి కేజీహెచ్. కొరాపుట్‌లో 2017లో మెడికల్ కాలేజీ వచ్చింది, మంచిదే, కానీ పాత అలవాటు ఘాట్ దిగమనే చెబుతుంది. అందుకే ఈ సరిహద్దు మాకు కాగితం మీది గీతలా ఎప్పుడూ అనిపించలేదు. ఒంట్లో బాగోలేని మనిషిని వెంటబెట్టుకుని దాటాల్సిన దారి అది.

కొత్త రాష్ట్రానికి హద్దులు గీసినప్పుడు కోటియా కొండ మీది కొన్ని పల్లెల లెక్క సరిగ్గా తేలలేదు. ఆంధ్ర 21 ఊళ్లు తనవంటుంది. ఒడిశా ఆ మాట ఒప్పుకోదు. 1968లో యథాతథ స్థితి పాటించమని సుప్రీంకోర్టు చెప్పింది. 2006 మార్చిలో ఒడిశా వేసిన దావాను కొట్టేస్తూ, రాష్ట్రాల హద్దులు తేల్చడం పార్లమెంటు పని అంది, యథాతథ స్థితి మాత్రం కొనసాగించమంది. అప్పటినుంచి ఏ పార్లమెంటూ దీని జోలికి రాలేదు. అక్కడున్నది ఎక్కువగా కొండజాతి జనం. ఇంట్లో కువి, సంతలో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడతారు. చాలా ఇళ్లలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉంటాయి. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న రెండు రాష్ట్రాల పోలింగూ ఇక్కడ ఒకే రోజున పడింది.

ఖర్చు సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఎన్నో ఏళ్లు కోటియాకు డబ్బు లేదన్నారు. దారి వేయమంటే అటవీ అనుమతులన్నారు, వంతెన వేయమంటే జనాభా సరిపోదన్నారు. ఆంధ్ర అధికారులు పింఛన్లు, రేషన్‌తో పైకి రావడం పెరిగాక, 2018లో ఒడిశా ప్రభుత్వం ఒక్క కోటియా కోసమే 150 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రభుత్వం ఈ పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒడిశా కోర్టు ధిక్కారం కింద మళ్లీ సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఏడాది ఓటర్లు ఆంధ్రా పోలింగ్‌కు దిగకుండా దారుల్లో పోలీసులను నిలబెట్టారు. ఒకరు నాటిన బోర్డు ఇంకొకరు పీకేశారు. పోలీసు జీపులు ఎక్కగలిగే దారి అప్పటికప్పుడు దొరికింది. జనం అడిగినప్పుడు లేని సొమ్ము పొరుగు రాష్ట్రం అడుగు పెట్టేసరికి ఎక్కడినుంచి వచ్చింది? నన్ను ఇన్నేళ్లుగా బాధపెడుతున్న ప్రశ్న ఇదే. ప్యాకేజీ వల్ల మంచి జరగలేదని నేననను. కోటియాకు దారులు వచ్చాయి, భవనాలు లేచాయి. కానీ అవి రావడానికి కారణం అక్కడి మనిషి కాదు, హద్దు. హద్దు తగాదా లేని పక్క కొండల మీద జనం ఈనాటికీ రోగిని దుప్పటి డోలీలో మోసుకుంటూ రోడ్డు దాకా నడుస్తారు. కర్రకు దుప్పటి కట్టి, ముందొకరు వెనకొకరు భుజం మారుస్తూ, వాగు దగ్గర ఆగి నీటి మట్టం చూసుకుంటూ దిగుతారు.

ఇక 108 చరిత్ర. అది పుట్టింది మన తెలుగునాటే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ అనే సంస్థ మొదలుపెట్టింది, సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు చలవతో. 2009 జనవరిలో సత్యం కుప్పకూలాక జీవీకే ముందుకొచ్చింది. అంతకుముందు అంబులెన్స్ అంటే పెద్దాస్పత్రిలో ఒక పాత మ్యాటడోర్ వ్యాను, డ్రైవర్ ఉంటే డీజిల్ ఉండదు, డీజిల్ ఉంటే డ్రైవర్ ఉండడు. 108లో బండి నడిపేవాణ్ణి ‘పైలట్’ అంటారు, వెనక దారిలోనే ప్రథమ చికిత్స చేసే ఒక ఈఎంటీ ఉంటాడు, పైసా తీసుకోరు. అది చూసిన పల్లెలు ఆ నంబర్‌ను దేవుడి పేరులా గుర్తుపెట్టుకున్నాయి. ఒడిశాలో 108 వచ్చింది 2013 మార్చిలో. మహారాష్ట్రలో 2014 జనవరి 26న, ప్రతి బండిలో డాక్టర్ ఉండేలా 937 అంబులెన్సులతో మొదలైంది.

జనానికి నచ్చిన ఏ పనికైనా నాయకులు జెండా ఊపుతారు, దాన్ని నేను తప్పు పట్టను. 2020 జూలై 1న విజయవాడలో 1,088 వాహనాలు, 108లూ 104లూ కలిపి, ఒకేసారి బారులు తీరాయి. ఆ బండ్లతో బతికినవాళ్లు ఉన్నారు. కానీ బండి కొనడం ఒకసారి ఖర్చు, నడపడం ప్రతి నెలా ఖర్చు. తిరకాసు అక్కడుంది. జాతీయ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం నడిపే ఖర్చులో కేంద్రం మొదటి ఏడాది 60 శాతం, రెండో ఏడాది 40 శాతం, ఆ తర్వాత 20 శాతం మాత్రమే ఇస్తుంది. మిగతాది రాష్ట్రం భరించాలి. బండి మీద బొమ్మ అందరూ వేయించుకుంటారు, డీజిల్ బిల్లు మాత్రం ఫైళ్లలో తిరుగుతుంది. బిల్లు ఆగితే సంస్థ జీతాలు ఆపుతుంది, జీతం ఆగితే పైలట్లు సమ్మెకు దిగుతారు. 108 సిబ్బంది సమ్మె ఏ రాష్ట్రంలోనూ కొత్త వార్త కాదు. ఆంధ్రలో నడిపే సంస్థ 2017లో బీవీజీకి, 2020లో అరబిందోకు మారింది. మారిన ప్రతిసారీ ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు దోపిడీ అన్నారు, పాలిస్తున్నవాళ్లు పొదుపు అన్నారు. కుర్చీలు మారాక మాటలూ మారాయి. మాటలు మార్చుకోనిది ఆ పైలట్లూ ఈఎంటీలే. జీతం ఎప్పుడొస్తుందని 2009లో అడిగారు, ఇప్పుడూ అదే అడుగుతున్నారు.

‘ఖజానాలో డబ్బు లేదు’ అన్న జవాబు చెల్లదని దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఎప్పుడో చెప్పేసింది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బతగిలిన ఒక కూలీని ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం ఖాళీ లేదని, పరికరం లేదని తిప్పి పంపేశాయి. చివరికి ప్రైవేటు ఆస్పత్రిలో సొంత డబ్బు పోసుకున్నాడు. 1996 మేలో సుప్రీంకోర్టు అతనికి 25 వేల రూపాయల పరిహారం ఇప్పిస్తూ, ప్రాణాపాయంలో వైద్యం అందించడం జీవించే హక్కులో భాగమని, నిధుల కొరత సాకుతో రాష్ట్రం ఆ బాధ్యత తప్పించుకోలేదని తీర్పు రాసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాస్పత్రికి రోగిని చేర్చే అంబులెన్స్ ఏర్పాట్లు ఉండాలని కూడా అందులో చెప్పింది. ఆ తీర్పుకు దాదాపు ముప్పై ఏళ్లు నిండాయి. మా వైపు ఏ ఎమ్మెల్యే నోటా దాని ప్రస్తావన నేను వినలేదు.

మరో ఖర్చు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పెద్ద నాయకుడి హెలికాప్టర్ దిగేచోట ఒక ఫైరింజను, ఒక అంబులెన్స్ ముందుగా వచ్చి నిలబడాలి. కాన్వాయ్ వెనక ఇంకో అంబులెన్స్ నడవాలి. దాన్ని ప్రోటోకాల్ డ్యూటీ అంటారు. హెలికాప్టర్ ప్రమాదం జరగొచ్చు, కాబట్టి నియమం సరైనదే. కానీ ఫైరింజను ఒకటో రెండో ఉన్న చిన్న పట్నం నుంచి ఆ బండి పొద్దున్నే హెలిప్యాడ్‌కు పోతే, నాయకుడు ఆలస్యంగా వచ్చి వెళ్లేదాకా ఆ చుట్టుపక్కల పల్లెలకు దిక్కెవరు? మన ఎన్నికల సభలు ఏప్రిల్, మేలో. పూరిళ్లు అంటుకునేదీ, పోడు మంటలు అడవికి పాకేదీ అదే కాలం. సభలో ఆ నాయకుడే గత ప్రభుత్వం పల్లెకు అంబులెన్స్ కూడా పంపలేదని గొంతెత్తుతాడు. అతని వెనక రెండు బండ్లు అప్పటికి గంటల తరబడి ఇంజను ఆపి నిలబడి ఉంటాయి. ఇది ఏ ఒక్క పార్టీ పనీ కాదు, నేను చూసిన అన్ని జెండాలదీ ఇదే తీరు.

మాటకూ చేతకూ మధ్య దూరాన్ని దేశమంతా చూసిన రోజు 2016 ఆగస్టులో వచ్చింది. మాకు పొరుగునే ఉన్న కలహండి జిల్లాలో, ఆస్పత్రిలో చనిపోయిన భార్య శవాన్ని భర్త భుజాన వేసుకుని నడిచాడు, పక్కన కూతురు ఏడుస్తూ నడిచింది. సుమారు పది కిలోమీటర్లు నడిచాక గానీ బండి రాలేదు. కొద్దిరోజుల్లోనే శవాలను ఇంటికి చేర్చే ‘మహాప్రయాణ’ పథకం మొదలైంది. అంటే డబ్బుంది, చేయవచ్చు, కెమెరా పడ్డాక చేశారు. 2024 సెప్టెంబరులో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే గడ్చిరోలి దక్షిణాన, అహేరి తాలూకాలో, జ్వరంతో పోయిన ఇద్దరు చిన్నబిడ్డలను తల్లిదండ్రులు చెరొకరినీ భుజాన వేసుకుని బురద దారిలో ఇంటికి మోసుకెళ్లారు. ఆ వీడియోను మహారాష్ట్ర అసెంబ్లీలో ప్రతిపక్ష నేత లోకానికి చూపించారు. చూపించడం సరైన పనే. అయితే ఆయన పార్టీ అంతకుముందు ఏళ్ల తరబడి ఆ రాష్ట్రాన్ని ఏలింది, ఆ దారి అప్పుడూ అంతే బురదగా ఉంది.

తుపాను రోజుల్లోనూ లెక్కలది ఇదే కథ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలో ప్రాణనష్టం లేదన్న మాట మొదట వచ్చింది. తర్వాత గజపతి జిల్లా బరఘరా దగ్గర కొండచరియ కింద శవాలు బయటపడ్డాయి. తీరంలో జనాన్ని తరలించడానికి ఖర్చు పెట్టడం ఒడిశా 1999 పెనుతుపాను తర్వాత నేర్చుకుంది, దేశానికే నేర్పింది, దాన్ని మెచ్చుకోవాలి. కొండ మీద పల్లె మాత్రం ఆ పాఠంలోకి రాలేదు. హెలికాప్టర్ పంపాక కేంద్రం కూడా బిల్లు పంపుతుంది. 2006 నుంచి చేసిన గగనతల సహాయానికి 132.62 కోట్లు కట్టమని 2024లో కేరళను అడిగింది. ఆపదలో ఆదుకున్నామని చెప్పుకున్న సభల్లో ఆ బిల్లు మాట రాదు.

2021 నవంబరు 9న భువనేశ్వర్‌లో రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చుని కోటియాతో సహా తగాదాలన్నీ చర్చించడానికి ప్రధాన కార్యదర్శుల కమిటీ వేద్దామనుకున్నారు. 2024 జూన్‌లో ఇద్దరూ గద్దె దిగారు. కొత్తవాళ్లు అడిగితే నా జవాబు చిన్నది. హద్దు తేలేదాకా ఆగక్కర్లేదు. రెండు కాల్ సెంటర్ల మధ్య ఒక లైన్ వేసి, ఈ పల్లెల పేర్లు రెండుచోట్లా రాసి, దగ్గరున్న బండి ఏ రాష్ట్రానిదైనా కదిలేలా ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అలాగే ప్రతి ఫైరింజను, ప్రతి 108 బండి ఏ రోజు ఎవరి డ్యూటీకి వెళ్లిందో చెప్పే పుస్తకాన్ని నెలనెలా ఆస్పత్రి గోడ మీద అంటించాలి. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు ఈ రెండూ చేయవచ్చు. వాగులు పొంగాక కోటియా నుంచి కిందికి దిగే డోలీకి రెండు భుజాలు చాలవు, నలుగురు మోయాలి.